రెండుసార్లు మీట నొక్కిన చెయ్యి

యాంకర్: విజయవాడ స్టూడియో నుంచి నమస్కారం. ఈ రోజు 1991 నాటి ఇంగ్లీషు సినిమా 'టెర్మినేటర్ 2' మీద చర్చ. గాంధీనగర్ థియేటర్లలో ఏళ్ల తరబడి ప్రొజెక్టర్ నడిపిన ఆపరేటర్ గారు, గుంటూరు నుంచి ఫిజిక్స్ లెక్చరర్ మేడం వచ్చారు. బాబాయ్ గారూ, మొదటి భాగాన్ని మించే రెండో భాగాలు అరుదు కదా. ఇదెలా మించింది?

ఆపరేటర్: మొదటి భాగం పుట్టించిన భయాన్నే పెట్టుబడి చేసుకుంది బాబూ. 1984 నాటి మొదటి భాగంలో ష్వార్జ్‌నెగర్ భవిష్యత్తు నుంచి చంపడానికి వచ్చిన యంత్రం, ఆ మొహం కనబడితే చావే. ఇందులో అదే మనిషి గులాబీల పెట్టె పట్టుకుని, మాల్ వెనక సందులో పిల్లాడికి ఎదురొస్తాడు. అవతల నుంచి పోలీసు. పెట్టెలోంచి తుపాకీ తీసి 'కిందకి వంగు' అంటాడు. కాపాడడానికి వచ్చింది ఎవరో పిల్లాడికి అప్పుడు తెలుస్తుంది. ఆ సీన్‌కి నేను కేబిన్ కిటికీలోంచి తెర కాదు, జనాన్ని చూసేవాణ్ణి.

లెక్చరర్: ఆ పోలీసు, అంటే కరిగిన లోహంలా మారే యంత్రం, నాకు మహా ఇష్టం. అందరూ గ్రాఫిక్స్ అంటారు గానీ, అవి సినిమా మొత్తంలో కొన్ని నిమిషాలే. చాలావరకు స్టాన్ విన్‌స్టన్ బృందం చేసిన బొమ్మలు, మేకప్. అది ఆసుపత్రి గార్డు రూపం ఎత్తే చోట నిలబడింది నిజమైన కవలలు! వచ్చిన 4 ఆస్కార్లలో మేకప్‌ది కూడా ఒకటి. ఆ పోలీసుగా వేసిన రాబర్ట్ పాట్రిక్ అయితే రెప్ప వేయకుండా తుపాకీ పేల్చడం సాధన చేశాడు.

యాంకర్: అయితే టెక్నిక్ వల్లే నిలిచిందంటారా?

లెక్చరర్: కాదండీ, ఆ పిల్లాడి తల్లి సారా వల్ల. భవిష్యత్తును కాపాడాలని, ఆ యంత్రాలకు మూలమయ్యే చిప్ తయారుచేస్తున్న డైసన్‌ని చంపడానికి రాత్రిపూట ఒక్కతే వెళ్తుంది. నల్ల బట్టలు, లేజర్ చుక్క, తొణకని నడక. మొదటి భాగంలో తనని తరిమిన యంత్రం సరిగ్గా అలాగే నడిచింది. డైసన్ కొడుకు వచ్చి తండ్రి మీద పడిపోయాక ఆమెకు చెయ్యి ఆడదు. అక్కడ ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది.

ఆపరేటర్: చివరి రీలు కూడా చూడమ్మా. మొదటి భాగంలో ఫ్యాక్టరీలో ప్రెస్ మీట నొక్కి ఆ యంత్రాన్ని నలిపేసింది సారానే. ఇందులో, తనూ మిగలకూడదని, కానీ తనంతట తాను చావలేనని కాపాడిన యంత్రం చెబితే, దాన్ని కరిగిన ఉక్కులోకి గొలుసుతో దింపే మీట కూడా ఆవిడే నొక్కుతుంది. అప్పుడు కసి. ఇప్పుడు ముందు చెయ్యి కలిపి, ఆ తర్వాతే నొక్కుతుంది.

యాంకర్: ఆ సమయంలో హాల్లో ఎలా ఉండేది?

ఆపరేటర్: నిశ్శబ్దం. కరిగిన ఉక్కులో ఆ యంత్రం పైకెత్తిన బొటనవేలు మునిగిపోయాక లైట్లు వేయమని కింద నుంచి బెల్లు కొట్టేవాళ్లు. నేను కాసేపు ఆగేవాణ్ణి.