గడియారానికి ఏ సెల్లు, రిమోట్‌కు ఏ సెల్లు

శ్రోతలకు నమస్కారం.

గోడ గడియారంలో సెల్లు నీరసిస్తే ఆ సంగతి ముందు సెకన్ల ముల్లే చెబుతుంది. తొమ్మిది అంకె దగ్గరికొచ్చి, దాటలేక అక్కడే కొట్టుకుంటుంది. ఆ చోట ముల్లు బరువంతా మోటారు పైకి ఎత్తాలి మరి. అప్పుడు కొట్టుకెళ్లి "పెన్సిల్ సెల్లు ఒకటివ్వండి" అంటాం. చేతికందింది ఇస్తారు. గడియారానికీ అదే, రిమోట్‌కూ అదే, బీపీ మిషన్‌కూ అదే. చిక్కంతా అక్కడే ఉంది.

మామూలు గడియారం లాగే కరెంటు మిల్లీ ఆంపియరులో పదో వంతు దగ్గర ఉంటుంది. కొన్నిటికి అంతకు రెట్టింపు. పదో వంతు చొప్పున ఏడాదికి 876 మిల్లీ ఆంపియర్ అవర్లు, అంటే సెల్లులో నిల్వ ఉండే కరెంటును కొలిచే లెక్కలో. రిమోట్ బటన్ నొక్కినప్పుడే కాస్త లాగుతుంది, మిగతా వేళల్లో దాదాపు సున్నా. అంటే ఇలాంటి వాటిలో సెల్లు నెలల తరబడి ఉండిపోతుంది, అలా ఉండి ఉండి కారిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి "ఎక్కువ పవర్" అన్న ప్రకటనను పక్కనపెట్టి, కారకుండా ఎన్నాళ్లుంటుందో చూసుకోవాలి.

సెల్లు మీద చిన్న అక్షరాల్లో ఒక కోడ్ ఉంటుంది. పెన్సిల్ సైజుకు ఆర్6, సన్నదానికి ఆర్03 అని ఉంటే అది జింక్ కార్బన్. ముందు ఎల్ చేరి ఎల్ఆర్6, ఎల్ఆర్03 అయితే ఆల్కలైన్. "హెవీ డ్యూటీ" అని పెద్దగా రాసి ఉన్నంత మాత్రాన ఆల్కలైన్ అనుకోవద్దు. అదీ జింక్ కార్బన్ జాతే. ఇందులో జింక్ డబ్బాయే ఋణధ్రువం కూడా. వాడేకొద్దీ డబ్బా గోడే కరిగి పలచబడుతుంది, చిల్లు పడితే లోపలి ఆమ్లపు ముద్ద బయటికొచ్చి స్ప్రింగును తినేస్తుంది. ఆల్కలైన్‌కు పైన ఉక్కు తొడుగు ఉంటుంది కాబట్టి అలా చిల్లు పడదు. కానీ పూర్తిగా అయిపోయాక కూడా అందులోనే వదిలేస్తే లోపల హైడ్రోజన్ పేరుకుని, సీలు వదిలి, తెల్లటి పొడి కడుతుంది.

ఇక ఎంపిక. గడియారానికి ఐఎస్ఐ గుర్తున్న జింక్ కార్బన్ చాలు, ఏటా మార్చే క్రమశిక్షణ ఉంటే. ఉగాదికి ఇల్లు దులిపేటప్పుడు తిరుగుతున్నా సరే తీసేసి కొత్తది వేయండి. అంత గుర్తుండదనుకుంటే ఆల్కలైన్ కొనండి. టీవీ, ఏసీ రిమోట్లకు ఆల్కలైనే నయం. ఏసీ రిమోట్‌లోవి చలికాలమంతా తీసి ఉంచండి. బీపీ మిషన్ సంగతి వేరు, పంపు మోటారు బాగా లాగుతుంది, దానికి జింక్ కార్బన్ వేస్తే డబ్బు దండగ. ఛార్జింగ్ సెల్లులు 1.2 వోల్టులవి, వాటంతటవే దిగిపోతుంటాయి. పిల్లల బొమ్మలకు భేష్, గడియారానికి వద్దు.

కొనేటప్పుడు తేదీ చూడండి. బీసెంట్ రోడ్డులో ఎండ తగిలే బల్ల మీద విడిగా పోసినవి చవకే కావచ్చు. కానీ రోహిణి కార్తెలో బెజవాడ ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. వేడికి సెల్లు దానంతటది దిగిపోవడం, కారడం రెండూ పెరుగుతాయి. అలాగని ఫ్రిజ్‌లో దాచకండి, తేమ పడుతుంది. నీడపట్టున బీరువా చాలు. నీరసించిన సెల్లును ఎండలో పెట్టి మళ్లీ వాడే అలవాటుంది. కాసేపు పనిచేస్తుంది, సీలు మాత్రం దెబ్బతింటుంది. బొమ్మలో సగం వాడిన జింక్ సెల్లును గడియారంలోకి మార్చడమూ అంతే, డబ్బా గోడ అప్పటికే పలచబడి ఉంటుంది.

వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఉంటే డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి కొలవండి. కొత్త ఆల్కలైన్ 1.55 నుంచి 1.6 దాకా చూపిస్తుంది. 1.1కి దిగితే తీసేయండి. రెండు సెల్లులుంటే రెండూ ఒకేసారి, ఒకే కంపెనీవి మార్చాలి. పాతదానికి కొత్తది జోడిస్తే, కొత్తది ఇంకా కరెంటు తోస్తూనే ఉంటుంది, అయిపోయిన పాతదాని ధ్రువాలు తిరగబడి అది కారుతుంది.

ఇప్పటికే కారిందా? చేతికి గ్లౌజు వేసుకుని సెల్లు తీయండి. ఆల్కలైన్ తెల్ల పొడి అయితే ఇయర్ బడ్‌ను వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో ముంచి రుద్దాలి, నురగ వస్తుంది. జింక్ సెల్లు కారింది ఆమ్లం కాబట్టి దానికి నిమ్మరసం పనికిరాదు, తడిపిన వంట సోడా వాడాలి. తర్వాత తడి గుడ్డతో తుడిచి, బాగా ఆరాక స్ప్రింగును సన్న గరుకు కాగితంతో గీకండి. అయినా రిమోట్ పలకకపోతే పారేయబోయే ముందు ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు పెట్టి బటన్ నొక్కండి. కొసన ఊదా రంగు వెలుగు మిణుకుమంటే రిమోట్ బాగానే ఉంది, టీవీ వైపు చూసుకోండి.

చివరగా బిళ్ల సెల్లు. బరువు చూసుకునే మిషన్లలో, కారు తాళాల్లో ఉండే సీఆర్2032 సెల్లు వెడల్పు 20 మిల్లీమీటర్లు, 3 వోల్టులు. పసివాళ్లు మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే తీవ్రంగా కాల్చేయగలదు. అది వేసే మూతకు స్క్రూ లేకపోతే గట్టి టేపు చుట్టండి, తీసిన పాతదాన్నీ రెండువైపులా టేపు వేసే పారేయండి. మింగారన్న అనుమానం వచ్చినా వాంతి చేయించకండి, 108కి ఫోన్ చేయండి. ఖాళీ ప్యాకెట్‌నో, అలాంటిదే మరో సెల్లునో వెంట తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.