కాపాడినవాళ్ళకి డబ్బిస్తే ఏమవుతుంది?

మునిగిపోతున్న మనిషిని కాపాడితే డబ్బిస్తామని చాటింపు వేస్తే ఏమవుతుంది? లండన్‌లో 1774లోనే వేసి చూశారు. విలియం హాస్, థామస్ కోగన్ అనే ఇద్దరు వైద్యులు పెట్టిన ఆ సంఘమే తర్వాత రాయల్ హ్యూమేన్ సొసైటీ అయింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1767లోనే ఇలాంటిది ఉంది, వీళ్ళకి దారి చూపింది అదే.

వీళ్ళ లెక్క చూడండి. నీళ్ళలోంచి తీసిన మనిషికి ఊపిరి తెప్పించాలని ప్రయత్నిస్తే 2 గినీలు, బతికితే 4. గినీ అంటే 21 షిల్లింగులు, కూలివాడికి చిన్న మొత్తం కాదు. తెలివంతా ఆ మొదటి అంకెలోనే ఉంది. బతికితేనే ఇస్తామంటే, కదలిక లేని ఒంటిని చూసి ‘ఇంకేం లాభంలే’ అని ఒడ్డునే వదిలేస్తారు.

ఇంకో చెల్లింపు ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఒడ్డునున్న సారాయి కొట్టు యజమాని తలుపు తీసి ఆ మనిషిని లోపలికి రానిస్తే అతనికి 1 గినీ. వెచ్చదనం, పడుకోబెట్టే చోటు దొరికేది అక్కడే. కానీ లోపలికొచ్చింది శవమైతే బేరాలు పోతాయి, అందుకే తలుపు వేసుకునేవాళ్ళు.

మరి మోసం? అదీ జరిగింది. ఒకడు మునిగినట్టు నటించడం, ఇంకొకడు లాగడం, వచ్చింది చెరిసగం! దాంతో నగదు తగ్గించి పతకాలు, ప్రశంసాపత్రాలకి మారారు. పతకాన్ని చెరిసగం చేసుకోలేరు కదా.

అయితే పతకంతో వేరే చిక్కు. అది ప్రాణానికి తెగించినవాడికే ఎక్కువ దక్కుతుంది, అంటే దూకినవాడికి. మునిగేవాడు దొరికినదాన్నల్లా పట్టుకుని పైకెక్కాలని చూస్తాడు, మెడ చిక్కిందా ఇద్దరూ పోతారు. అందుకే ముందు ఒడ్డు మీద పడుకుని కర్ర చాపాలి. అందకపోతే తాడు విసరాలి, అదీ మనిషిని దాటి పడేలా, అప్పుడే అది అతని మీదుగా చేతికి తగులుతుంది. విసిరినవాడు కూర్చుని కాళ్ళు తన్నిపెట్టుకోవాలి, లేదంటే ప్రవాహం అతన్నీ లాగేస్తుంది. తర్వాత పడవ. ఈదడం చిట్టచివర, అదీ తేలే వస్తువు చేతిలో ఉంటేనే.

నన్నడిగితే బహుమతి తాడు విసిరినవాడికీ అంతే ఇవ్వాలి. సంబంధం లేని ఇద్దరు సాక్షుల్ని విడివిడిగా అడిగి, లోతు, ప్రవాహం, దూరం రాసుకుంటే నాటకాలు చాలావరకు బయటపడతాయి. తెగిన వల, పాడైన ఫోను, పోయిన ఆ రోజు కూలి మాత్రం బహుమతితో కలపకుండా వెంటనే కట్టిచ్చేయాలి.