కాటలీనా 22కి డెప్త్ ఫైండర్: అడుగున రంధ్రం పెట్టకుండా బిగించడం ఎలా

నమస్తే అండి. ఇవాళ డెప్త్ ఫైండర్, అంటే పడవ కింద నీటి లోతు చెప్పే యంత్రం. మన కాకినాడ, విశాఖ మరపడవల మీద ఎకో సౌండర్ అంటారు చూడండి, అదే. ఈరోజు పడవ మాత్రం కాటలీనా 22 అనే సెయిల్‌బోట్, కీల్‌ని (అడుగు నుంచి నీళ్లలోకి దిగి ఉండే బరువైన రెక్కని) పైకీ కిందికీ లాగే స్వింగ్ కీల్ మోడల్. నీళ్లు అమెరికా తూర్పు తీరంలోని చీసపీక్ బే. మేరీలాండ్, వర్జీనియా వైపు ఉన్నవాళ్లకి తెలుసు, ఆ బే సగటు లోతు 21 అడుగులే. వాగుల్లోకి మళ్లారంటే ఇంకా తక్కువ. ఈ పడవకి కీల్ పైకి లాగితే 2 అడుగుల నీరు చాలు, దింపితే 5 అడుగులు కావాలి.

ముందుగా ఒక మాట. కొనేటప్పుడు అందరూ స్క్రీన్ చూస్తారు. చూడాల్సింది ట్రాన్స్‌డ్యూసర్‌ని, అంటే నీళ్లలోకి శబ్దం పంపి తిరిగొచ్చింది వినే ముక్కని. నీళ్లలో శబ్దం సెకనుకి సుమారు 1500 మీటర్లు పోతుంది. 20 అడుగుల లోతుకి వెళ్లి రావడానికి 8 మిల్లీసెకన్లు. ఆ లెక్క ఎంత చవక యూనిట్ అయినా సరిగ్గానే చేస్తుంది. దారిలో గాలి అడ్డొస్తేనే గొడవంతా.

ట్రాన్స్‌డ్యూసర్ పెట్టడానికి మూడు చోట్లున్నాయి. పడవ వెనక చెక్కకి బిగించే ట్రాన్సమ్ రకం మోటార్ బోట్లకి బాగుంటుంది. సెయిల్‌బోట్ ఒక పక్కకి ఒరిగితే అది నీళ్లలోంచి పైకి లేవచ్చు, పక్కనే చుక్కాని సుడి కూడా ఉంటుంది. వద్దు. అడుగుకి రంధ్రం కొట్టి పెట్టే థ్రూ-హల్ రకంలో సిగ్నల్ అన్నిటికన్నా బాగుంటుంది, కానీ పడవని ఒడ్డుకెక్కించాలి, సుమారు 2 అంగుళాల రంధ్రం కొట్టాలి, దాని సీలింగ్‌ని ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండాలి. 22 అడుగుల పడవకి అంత అవసరం లేదు. మిగిలింది ఇన్-హల్: లోపలే అతికించి, ఫైబర్‌గ్లాస్ మందంలోంచే శబ్దం పంపడం. కాటలీనా 22 అడుగు గట్టి ఫైబర్‌గ్లాస్ కాబట్టి ఇది నడుస్తుంది. మీ పడవ అడుగులో ఫోమ్ గానీ బాల్సా చెక్క గానీ నింపి ఉంటే నడవదు. వాటి నిండా గాలి గదులే.

యూనిట్ సంగతికొస్తే, గార్మిన్ స్ట్రైకర్ 4 లాంటి చిన్న ఫిష్ ఫైండర్ చాలు. 3.5 అంగుళాల స్క్రీన్, 77, 200 కిలోహెర్ట్జ్ రెండూ ఉన్నాయి, జీపీఎస్ వేగం అదనం. లోతు తక్కువ నీళ్లకి 200 మీదే ఉంచండి. క్లియర్‌వ్యూ (అడుగుని ఫొటోలా చూపించే సోనార్) ఉన్న మోడల్ మాత్రం దీనికి కొనకండి. ఆ ట్రాన్స్‌డ్యూసర్ ఇన్-హల్‌కి పనికిరాదు. ఇన్-హల్ కోసమే చేసిన ఎయిర్‌మార్ పీ79 ట్రాన్స్‌డ్యూసర్ పనితనం చాలా బాగుంటుంది, వాలు కూడా సర్దుకోవచ్చు. కానీ ప్లగ్ మీ యూనిట్‌కి సరిపోతుందో లేదో ముందే చూసుకోండి.

ఇక బిగించడం. చోటు వి-బెర్త్ (పడవ ముందు భాగంలోని పడక) కింద, కీల్‌కి ముందు, మధ్య గీతకి వీలైనంత దగ్గరగా. వెనకాల పెడితే కీల్‌కే తగిలి శబ్దం తిరిగొస్తుంది. అతికించే ముందు పరీక్ష చేయండి, ఇది మానొద్దు. జిప్‌లాక్ సంచిలో నీళ్లు పోసి, ట్రాన్స్‌డ్యూసర్‌ని అందులో ముంచి, తడిపిన అడుగు మీద ఒత్తి పెట్టండి. అంకె చూడండి. అదే చోట దాన్ని పడవ పక్కనుంచి నేరుగా నీళ్లలోకి దింపి మళ్లీ చూడండి. రెండూ కలిస్తే ఆ చోటు ఖాయం. కలవకపోతే నాలుగైదు అంగుళాలు జరిపి మళ్లీ మొదలెట్టండి.

అక్కడ అడుగు వి ఆకారంలో వాలుగా ఉంటుంది. నేరుగా అతికిస్తే ట్రాన్స్‌డ్యూసర్ పక్కకి చూస్తుంది. అందుకని అది పట్టేంత వెడల్పున్న పీవీసీ పైపు ముక్క తీసుకుని, అట్టముక్కతో వాలు కొలిచి, కింది అంచుని ఆ వాలుకి కోయండి. పెయింట్ ఉంటే గీకేసి, అడుగునీ పైపు అంచునీ 80 నంబర్ శాండ్ పేపర్‌తో రుద్ది, అడుగుని ఎసిటోన్‌తో తుడిచి, చిక్కటి ఎపాక్సీతో చుట్టూ అతికించండి. నునుపు పీవీసీకి ఎపాక్సీ సరిగా అంటదు, గరుకు చేయడం అందుకే. మర్నాటికి గట్టిపడ్డాక ట్రాన్స్‌డ్యూసర్‌ని మట్టంగా నిలిపి, అది మునిగేదాకా నూనె పోయండి. మినరల్ ఆయిల్ పోయొచ్చు. ఆముదం కూడా పాతకాలం నుంచీ వాడుతున్నదే, అందులో శబ్దం దాదాపు నీళ్లలో పోయినట్టే పోతుంది. ఉత్త నీళ్లు పోస్తే ఆవిరైపోతాయి, మేరీలాండ్ చలికి గడ్డ కడతాయి.

ఇక్కడ దగ్గరగా చూడండి. ట్రాన్స్‌డ్యూసర్ ముఖం కింద పెసరగింజంత బుడగ. ఈ ఒక్క దాని వల్లే తీరంలో బాగా చూపిస్తున్న యూనిట్ లోతుకెళ్లగానే చేతులెత్తేస్తుంది. కొంచెం వంచి, ఆడిస్తే పైకొచ్చేస్తుంది. నేరుగా ఎపాక్సీలో పాతేసి ఉంటే ఇక రాదు, గొడ్డలి పెట్టాల్సిందే. నూనె పైపు మీద మా మొగ్గుకి కారణం ఇదే.

కేబుల్‌ని కోయొద్దు. పొడవు ఎక్కువైతే చుట్టి కట్టేయండి, వీహెచ్ఎఫ్ రేడియో తీగకి దూరంగా పోనివ్వండి. ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్ నుంచి 7 అంగుళాల లోపు ఉండాలి. స్క్రీన్‌ని దిక్సూచికి ఆనించి పెట్టకండి, దిక్సూచి తప్పు చూపిస్తుంది.

చివరిగా ఆఫ్‌సెట్, అంటే యూనిట్ చూపించే అంకెకి చేసే సవరణ. స్వింగ్ కీల్ లోతు మారుతూనే ఉంటుంది కాబట్టి కీల్ కింద ఎంతుందని కాకుండా, నీటి మట్టం నుంచి లెక్క పెట్టుకోండి. ట్రాన్స్‌డ్యూసర్ నీటి మట్టానికి 9 అంగుళాలు కిందుంటే ఆ 9 కలపండి. కలిపాక డాక్ దగ్గర తాడుకి బరువు కట్టి దింపి సరిచూడండి. బారలతో కొలిచే మన జాలర్ల పద్ధతే. కీల్ దింపినప్పుడు అలారం 7 అడుగులకి పెట్టండి, 2 అడుగులు చేతిలో ఉంటాయి. పడవ 20 డిగ్రీలు ఒరిగినప్పుడు శబ్దం ఏటవాలుగా పోయి, 10 అడుగులు ఉన్నచోట 10.6 దాకా చూపించొచ్చు. ఇంకొకటి, చాలా యూనిట్లలో అంకె మిణుకుమిణుకుమంటోందంటే అడుగు దొరకడం లేదని, ఆ కనిపిస్తున్నది పాత లోతని అర్థం. అప్పుడు వేగం తగ్గించి, వచ్చిన దారినే వెనక్కి తిప్పండి.