సబ్సిడీ సరే, బాకీ ఎప్పుడు?

శ్రోతలకు నమస్కారం.

కొత్తగా యూనిట్ పెట్టాలనుకునే కుర్రవాడు బ్యాంకుకు వస్తే మొదట అడిగేది ఒకటే: ‘సార్, సబ్సిడీ ఎంతొస్తుంది?’ అదే యూనిట్‌ను పదేళ్లు నడిపినవాడు వస్తే మాట వేరుగా ఉంటుంది: ‘సార్, ఈ నెల కిస్తీ కొంచెం ఆగండి, మద్రాసు పార్టీ నుంచి డబ్బు రావాలి.’ కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల బ్యాంకుల్లో అప్పులిచ్చే సీటులో కూర్చుని తల నెరిసినవాణ్ణి నేను. ఈ రెండో మాట విన్నన్నిసార్లు మొదటిది వినలేదు. ప్రభుత్వ సాయం అనగానే అందరం సర్కారు కొత్తగా ఇచ్చే డబ్బు గురించే మాట్లాడుకుంటాం. చిన్న పరిశ్రమకు న్యాయంగా రావాల్సి ఉండి, రాకుండా ఆగిపోయిన డబ్బు గురించి ఈ పూట మాట్లాడతాను.

బేతంచెర్ల సంగతే తీసుకుందాం. 2022లో జిల్లాలు విడగొట్టాక అది నంద్యాల జిల్లాలోకి వెళ్లింది గానీ, బండలు కొనే మేస్త్రీ నోట ఇప్పటికీ అది కర్నూలు బేతంచెర్లే. నేలలో నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది. గనిలో గడ్డపారతో పొర లేపి, బండను సైజుకు కోసి, పాలిష్ మిషన్ కింద పెట్టి నీళ్లు పోస్తూ అరగదీస్తారు. మిషన్ కింది నుంచి తెల్లటి రాతి బురద కాలువ కడుతుంది. ఎండిన ఆ పిండి గుట్టలే ఊరి గుర్తు. అటు తాడిపత్రి దారిలోనూ, కడప జిల్లా ఎర్రగుంట్ల వైపూ ఇదే రాయి, ఇవే మిషన్లు. రాయలసీమలో నాపబండ పరవని ఇల్లు వెతకాలి.

ఇప్పుడొక లెక్క చెప్తాను. ఒక పాలిష్ యూనిట్ ఓనరు ఊరు కాని ఊర్లో ఉన్న వ్యాపారికి రెండు లక్షల సరుకు లారీకెత్తాడనుకోండి. గని ఓనరుకు ముడి బండ డబ్బు ముందే ఇచ్చేశాడు. కూలీలకు వారం వారం బటవాడా చేయాలి. కరెంటు బిల్లు తేదీ దాటితే ఫైను, ఇంకా దాటితే ఫ్యూజు పీకుతారు. నెల నెలా రిటర్ను వేసేవాడైతే ఆ సరుకు మీద జీఎస్టీ మరుసటి నెల 20వ తేదీకల్లా కట్టేయాలి. కొన్నవాడు డబ్బు పంపాడా లేదా అన్నది జీఎస్టీకి అనవసరం. అంటే డబ్బు కట్టాల్సిన ప్రతిచోటా ఒక తేదీ ఉంది. రావాల్సిన చోట మాత్రమే లేదు.

ఫోన్ చేస్తాడు. ‘అన్నా, మన బిల్లు సంగతి?’

‘బిల్డరు ఇంకా ఇయ్యలేదప్పా. ఇస్తూనే నీకే ఫస్టు ఏస్తా. ఇంకో లోడు పంపు, రెండూ కలిపి సూద్దాం.’

ఇంకో లోడు వెళ్తుంది. పంపకపోతే పాత డబ్బు కూడా రాదేమోనని భయం. నాలుగు నెలలు గడుస్తాయి. ఈలోగా బటవాడాకు బజార్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి సర్దుతాడు. రెండు లక్షలకు నెలకు నాలుగు వేలు, నాలుగు నెలలకు పదహారు వేలు. ఆ లోడులో అతనికి మిగిలేది అంత ఉంటుందా అంటే, నేను చూసిన లెక్కల పుస్తకాల్లో చాలామందికి ఉండేది కాదు.

మరి ఇంతకాలం అరువు ఎందుకిస్తారు? గుజరాత్‌లోని మోర్బీ నుంచి టైల్స్ వచ్చాక నాపబండకు గిరాకీ పడిపోయింది. ఇంటి హాల్లోంచి వంటింటి అరల్లోకి, అక్కడి నుంచి వసారాలోకి తప్పుకుంటూ వచ్చింది. అమ్మేవాళ్లు ఎక్కువ, కొనేవాళ్లు తక్కువ. ధర ఇంక తగ్గించే వీల్లేక గడువు పెంచుకుంటూ పోయారు. నెల ఇచ్చేచోట పక్క యూనిట్ వాడు రెండు నెలలిచ్చాడు, వీడు మూడిచ్చాడు. మనలో మనం పోటీ పడి కొనేవాడికి వడ్డీలేని అప్పు ఇస్తున్నాం.

దీనికి చట్టం ఉంది. 2006లో వచ్చిన ఎంఎస్‌ఎంఈ చట్టం, అంటే సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం. కొన్నవాడితో రాతపూర్వకంగా గడువు రాసుకోకపోతే 15 రోజుల్లో డబ్బివ్వాలి. రాసుకున్నా 45 రోజులు మించడానికి వీల్లేదు. 90 రోజులని సంతకం పెట్టించుకున్నా ఆ రాత చెల్లదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెల నెలా చక్రవడ్డీ. బ్యాంకు రేటు ఐదున్నర శాతం ఉందనుకుంటే ఇది పదహారున్నర శాతం. డబ్బు రాకపోతే ఇలాంటి బాకీల తగవులు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు. దానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టే సమాధాన్ పోర్టల్ 2017 నుంచి నడుస్తోంది. కౌన్సిల్ మీ పక్షాన తీర్పిచ్చాక కొన్నవాడు దాన్ని కోర్టులో సవాలు చేయాలంటే, తీర్పు మొత్తంలో 75 శాతం ముందు డిపాజిట్ చేయాలి. సామాన్యుడి పక్షాన ఇంత గట్టిగా రాసిన చట్టాలు మనకు ఎక్కువ లేవు. మూడు నెలల్లో తేల్చాలని కూడా చట్టమే చెప్పింది. ఆ మాట కాగితం మీద ఉన్నంత చురుగ్గా కౌన్సిళ్లలో ఉండదు, అది వేరే సంగతి.

ఇంత ఉన్నా ఎవరూ అటు వెళ్లరు. ఎందుకో బేతంచెర్లలో ఎవరినడిగినా చెప్తారు. కేసు వేస్తే ఆ పార్టీ మళ్లీ ఆర్డరివ్వడు, పైగా నలుగురికీ చెప్తాడు. కోర్టు భయం కాదు, గిరాకీ భయం.

అందుకే కేంద్రం 2023 బడ్జెట్‌లో ఇంకో దారి పట్టింది. ఆదాయపు పన్ను చట్టంలో 43బీకి ‘హెచ్’ అని ఒక క్లాజు చేర్చింది. సూక్ష్మ, చిన్న పరిశ్రమ దగ్గర సరుకు కొని ఆ గడువులోపల డబ్బివ్వకపోతే, కొన్నవాడు ఆ ఖర్చును ఆ ఏడాది లెక్కలో చూపించుకోలేడు. ఇచ్చిన ఏడాదే చూపించుకోవాలి. అంటే బాకీ పెట్టినందుకు అతనికే పన్ను పెరుగుతుంది. అమ్మినవాడు ఫిర్యాదు చేయనక్కర్లేదు, చెడ్డవాడు కానక్కర్లేదు. ఆలోచన మంచిదే. కానీ కొనేవాళ్లూ తెలివైనవాళ్లే. చిన్న పరిశ్రమగా కేంద్రం దగ్గర చేసుకునే నమోదే ఉద్యమ్; అది లేకపోతే ఈ రూలు తగలదు కదా. ‘నీ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ తీసేసుకో, లేకపోతే సరుకు వద్దు’ అన్నవాళ్లు దేశమంతా బయల్దేరారు. అయినా ఇది నిలవాలనే నా అభిప్రాయం. పెద్ద కంపెనీల ఆడిటర్లు మార్చి నెలలో పాత బిల్లులు వెతకడం మొదలుపెట్టారు. అంతకుముందు ఆ బిల్లుల వంక ఎవరూ చూడలేదు.

ప్రైవేటు వ్యాపారి సంగతి ఇది. మరి సర్కారు?

కోవిడ్ వచ్చిన 2020లో మన రాష్ట్ర ప్రభుత్వం చిన్న పరిశ్రమల కోసం ‘రీస్టార్ట్’ అని 1,110 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. అందులో దాదాపు 905 కోట్లు 2014-15 నుంచి పేరుకుపోయిన పాత రాయితీ బకాయిలు. ఇస్తామని ఎప్పుడో చెప్పి ఇవ్వనివి. ఆ డబ్బు అప్పుడు చేతికి రావడం మాత్రం పెద్ద ఊరటే, కాదనను. కానీ పాత బాకీ తీరిస్తే దాన్నే ఉద్దీపన అన్నాం. ఆ బకాయిలు పెరిగింది ఒక ప్రభుత్వంలో, తీరింది ఇంకో ప్రభుత్వంలో కాబట్టి ఏ ఒక్క పార్టీనో తప్పుపట్టి లాభం లేదు. పెట్టుబడి సబ్సిడీ ఫలానా ఏడాది వస్తుందని బ్యాంకుకు లెక్క చూపించి అప్పు తీసుకున్నవాడికి అది ఐదేళ్లు ఆలస్యమైతే, మధ్యలో వడ్డీ ఎవరు కట్టాలి? ఆ ప్రశ్నకు ఏ జీవోలోనూ జవాబు లేదు.

అదే ప్యాకేజీలో నాకు బాగా నచ్చినది ఇంకొకటుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మూడు నెలలు కరెంటు ఫిక్స్‌డ్ చార్జీలు మాఫీ చేశారు. మిషన్ తిరిగినా తిరగకపోయినా, తీసుకున్న కరెంటు లోడుకు ఇంత అని బిల్లు వస్తూనే ఉంటుంది కదా, అది. లాక్‌డౌన్‌లో షెడ్డుకు తాళం వేసినా మీటరు పేరుతో బిల్లు వచ్చేది. దరఖాస్తు లేదు, దళారీ లేదు, ఆఫీసుల చుట్టూ తిరిగే పని లేదు, బిల్లులో ఆ పద్దు పోయింది. సాయమంటే ఇలా ఉండాలి.

వ్యాపారానికి సర్కారు దన్ను మన సీమకు కొత్త కాదు. 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి కడప దాకా కాలువ తవ్వింది. వాటాదార్ల పెట్టుబడికి 5 శాతం రాబడి వచ్చేలా ప్రభుత్వమే పూచీపడింది. కంపెనీ లాభాలు చూడలేకపోయింది. చివరికి 1882లో ఆ కాలువను ప్రభుత్వమే కొనేసింది. అదే ఇప్పటి కేసీ కెనాల్, అంటే కర్నూలు-కడప కాలువ. దాని కింద ఇప్పటికీ పంటలు పండుతున్నాయి కాబట్టి ఆ ఖర్చు వృథా అనలేం. నేను చెప్పేది, లండన్ వాటాదారుకు రాబడి మీద పూచీ ఇవ్వగలిగిన సర్కారు సంప్రదాయం మనకుంది. ఆ పూచీ బేతంచెర్ల దాకా రావడానికి ఇంకా ఎన్నేళ్లు కావాలి?

ఇప్పుడు కూడా పెద్ద పనులు జరుగుతున్నాయి. 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ దేశం మొత్తం మీద 12 పారిశ్రామిక నగరాలకు ఆమోదం తెలిపితే, అందులో రెండు మనవే: కర్నూలు దగ్గర ఓర్వకల్లు, కడప దగ్గర కొప్పర్తి. ఒకటి 2,621 ఎకరాలు, ఇంకొకటి 2,596. రావాల్సినవే. మన పిల్లలు బెంగళూరు బస్సెక్కడం కొంతైనా తగ్గుతుంది. అయితే గని పక్కన షెడ్డు వేసుకున్న పాలిష్ యూనిట్ ఓర్వకల్లుకు వెళ్లదు. రాయదుర్గంలో ఇంట్లో నాలుగు మిషన్లు పెట్టుకుని జీన్స్ ప్యాంట్లు కుట్టేవాళ్లు కొప్పర్తికి రారు. నియోజకవర్గానికొకటి చొప్పున 175 చిన్న పరిశ్రమల పార్కులు పెడతామంటున్నారు. వాళ్లకు దగ్గరగా వచ్చేది అదే.

అప్పుల పథకాల గురించి ఎక్కువ చెప్పను, పోస్టర్లు అన్ని బ్యాంకుల్లోనూ ఉన్నాయి. సొంతంగా యూనిట్ పెట్టుకునేవాళ్లకు కేంద్రం పెట్టిన పీఎంఈజీపీ కింద 50 లక్షల దాకా ఖర్చయ్యే తయారీ యూనిట్‌కు అప్పు, పల్లెల్లో మహిళలు, బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీలకు 35 శాతం సబ్సిడీ. ముద్రా ఉంది, వీధి వ్యాపారులకు స్వనిధి ఉంది. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. చిన్న పరిశ్రమకు 10 లక్షల వరకు ఇచ్చే అప్పుకు ఇల్లూ పొలమూ తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు 2010లోనే చెప్పింది. మేనేజరు పాస్‌బుక్కో పట్టానో తెమ్మంటే, ఎందుకని మర్యాదగా అడగండి. నా తోటి బ్యాంకువాళ్లే కాబట్టి చెప్తున్నా, చాలామంది అలవాటుగా అడుగుతారు, అవసరమై కాదు.

ఇక బజారు వ్యాపారుల సంగతి. మన ఊళ్లలో దుకాణం కళ రైతు చేతిలో డబ్బును బట్టే ఉంటుంది. 2025లో కర్నూలు మార్కెట్లో ఉల్లి ధర పడిపోయినప్పుడు ప్రభుత్వం క్వింటాలు 1,200 రూపాయల లెక్కన కొనాల్సి వచ్చింది. ఆ సీజన్లో గూడూరు, కోడుమూరు పక్క రైతు సరిగ్గా తేరుకోకపోతే, పత్తికొండలో బట్టల కొట్టువాడి ఖాతా పుస్తకం నిండుతుంది. ఆ కొట్టువాడు ఉద్యమ్‌లో చేరొచ్చు. 2021 నుంచి హోల్‌సేల్, రిటైల్ వ్యాపారులకు ఆ అవకాశమిచ్చారు. కానీ అది బ్యాంకు అప్పు ప్రాధాన్యం వరకే. నేను చెప్పిన 45 రోజుల రక్షణ వాళ్లకు లేదు. తయారు చేసేవాళ్లకూ, సర్వీసులు చేసేవాళ్లకే. అందులోనూ సూక్ష్మ, చిన్న స్థాయి వాళ్లకే. టర్నోవర్ 10 కోట్లు, పెట్టుబడి రెండున్నర కోట్లు దాటనివన్నీ 2025 ఏప్రిల్ నుంచి సూక్ష్మ పరిశ్రమలే కాబట్టి, మన పాలిష్ యూనిట్లలో చాలావరకు అందులోకి వస్తాయి.

ఆ యూనిట్ల వాళ్లు వింటుంటే ఈ పనులు చేయండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్, పాన్ ఉంటే ఫోన్‌లోనే అయిపోతుంది. దానికి వెయ్యి, రెండువేలు తీసుకునేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. సరుకు పంపేనాటికే అది చేతిలో ఉండాలి. గొడవ మొదలయ్యాక తీసుకుంటే, అప్పటికి నీకు రిజిస్ట్రేషనే లేదు కదా అని అవతలి లాయరు మొదటి రోజే లేస్తాడు. ప్రతి బిల్లు మీదా ఉద్యమ్ నంబరూ, డబ్బు ఫలానా తేదీకి ఇవ్వాలన్న మాటా అచ్చు వేయించండి. సరుకు ముట్టినట్టు వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ అయినా రాబట్టుకోండి. గడువు దాటిన రోజున ఫోన్ కాకుండా ఉత్తరమో, మెయిలో పంపండి. కౌన్సిల్ ముందు పనికొచ్చేది అదే.

పార్టీ పోతాడన్న భయానికి నా దగ్గర మందు లేదు. ఒకటి మాత్రం చూశాను. ఒకే వ్యాపారికి సరుకు పంపేవాళ్లు ఊర్లో ఏడెనిమిది మంది ఉంటారు. అందరికీ బాకీ ఉంటుంది, ఒకరిది ఒకరికి చెప్పుకోరు. సాయంత్రం టీ కొట్టు దగ్గర ఆ ఒక్క వ్యాపారి పేరు మీద ఎవరికెంత రావాలో కాగితం మీద వేసుకోండి. ఏడుగురూ ఒకే వారంలో సమాధాన్‌లో దరఖాస్తు పెడితే, ఆయన ఏడుగురినీ వదులుకుని బండలు ఎక్కడ కొంటాడు? కర్నూలు, నంద్యాల, అనంతపురం, కడపల్లో జిల్లా పరిశ్రమల కేంద్రం ఉంది. దరఖాస్తు పెట్టడం తెలియకపోతే బిల్లులు పట్టుకుని అక్కడికి వెళ్లండి.

సెలవు. నమస్కారం.