కేస్ షీట్‌లో రాసిన అబద్ధం

వేదిక మీది పెద్దలకు, వెనక వరుసలో నిద్ర ఆపుకుంటున్న హౌస్ సర్జన్లకు నమస్కారం. శాలువా తర్వాత కప్పుదురుగాని, నాకిచ్చిందే పదిహేను నిమిషాలు.

పరీక్ష కోసం నడుములో సూది పొడిచి వెన్నులోని నీరు తీసేటప్పుడు అల్ట్రాసౌండ్ ఎలా వాడాలో చెప్పమన్నారు. చెప్తాను. దానికంటే ముందు ఒకావిడ గురించి చెప్పాలి.

నేను పీజీ మొదటి ఏడాదిలో ఉన్నాను. నైట్ డ్యూటీ. యాభై ఏళ్లావిడ, భారీ మనిషి. పది రోజులుగా జ్వరం, తలనొప్పి. టీబీ మెనింజైటిస్, అంటే మెదడు పొరలకి టీబీ, అని అనుమానం. పక్కకు తిప్పి, మోకాళ్లు కడుపులోకి ముడిపించాను. తుంటి ఎముకల అంచులు తడిమి గీత ఊహించుకోవాలి కదా, నా వేళ్లకి కొవ్వు తప్ప ఏమీ తగల్లేదు. అయినా పొడిచాను. ఏడుసార్లు. రెండుసార్లు ఎముక, ఒకసారి రక్తం, నీటిచుక్క లేదు. "ఇంక చాలు నాయనా" అందావిడ. తలుపు దగ్గర కొడుకు, "అమ్మకి కాళ్లు పడిపోవు కదా డాక్టరుగారూ?" అని అడిగాడు.

కేస్ షీట్‌లో ఏం రాశానో తెలుసా? "డిఫికల్ట్ స్పైన్". చేతకానిది నాకు, తప్పు ఆవిడ వెన్నుది!

మీలో ఎంతమంది అలా రాశారు? చేతులెత్తక్కర్లేదు, నాకు తెలుసు.

1891లో జర్మనీలోని కీల్‌లో క్వింకె దొర ఈ పద్ధతి చెప్పినప్పుడు చేతి స్పర్శే దిక్కు. మనమూ అదే నమ్ముకున్నాం. 2000లో బ్రాడ్‌బెంట్ బృందం అనుభవమున్న మత్తు డాక్టర్లని వెన్నుపూసల మధ్య ఏ ఖాళీలో ఉన్నారో తడిమి చెప్పమని, ఎంఆర్ఐతో పోల్చింది. సరిగ్గా చెప్పింది 29 శాతమే. తప్పిన వాళ్లలో ఎక్కువమంది అనుకున్నదానికంటే పైన ఉన్నారు. పైన ఉండేది వెన్నుపాము కొస, గుర్తుపెట్టుకోండి.

సరే, ప్రోబ్, అంటే ఒంటి మీద ఆనించే స్కాన్ పిడి. కడుపు స్కాన్‌కి వాడే వంపు ప్రోబే. మధ్యగీతకి కాస్త పక్కగా నిలువుగా పెట్టి లోపలికి వంచండి. కింద పొడుగ్గా తెల్లగా కనిపించేది త్రికాస్థి, వెన్ను అడుగు ఎముక. దానిపైన రంపపు పళ్లలా ఎముకలు. కింద నుంచి లెక్కపెట్టుకుంటూ మూడు–నాలుగు నడుము పూసల మధ్యకో, నాలుగు–ఐదు మధ్యకో రండి. అడ్డంగా తిప్పితే రెండు తెల్ల గీతలు, మధ్యలో నలుపు. ఆ నలుపే మనకి కావలసిన నీరు. లోతు కొలవండి. ప్రోబ్ గట్టిగా నొక్కితే కొవ్వు అణిగి లోతు తక్కువ చూపిస్తుంది, నేను మోసపోయాను. పెన్నుతో గుర్తులు పెట్టి, జెల్ పూర్తిగా తుడిచి, అప్పుడు క్రిములు చంపే మందు పూయండి. ఆ తర్వాత పేషెంటు కదిలితే మళ్లీ మొదటికే.

2013లో 14 అధ్యయనాల ఫలితాలు కలిపి లెక్కేశారు, వెన్నులో మత్తు కోసం సన్నగొట్టం పెట్టే ఎపిడ్యూరల్‌తో సహా. అల్ట్రాసౌండ్ లేకుండా 610 మందిలో 44 మందికి విఫలమైంది, ఉన్నచోట 624లో ఆరుగురికే. అయితే మెదడులో గడ్డ ఉందో, రక్తం గడ్డకట్టదో ఈ ప్రోబ్ చెప్పదు. ఆ చూపు మీకుండాలి.

ఇక నా బాధ. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో అరవై ఏళ్ల ముసలాయన నడుము చూడ్డానికి మెషిన్ అడిగితే "లింగ నిర్ధారణ చట్టం సార్" అని తాళం తీయలేదు. ముసలాయన నడుములో ఆడో మగో ఏం చూస్తానయ్యా! 1994 చట్టం రావలసిందే, ఆడపిల్లల్ని కడుపులోనే చంపుకున్నవాళ్లం. కానీ అది మెషిన్ రిజిస్టర్ చేయించమంటుంది, బీరువాలో దాచమనదు. వార్డు పేరుతో దరఖాస్తు పెట్టించండి. సూపరింటెండెంట్‌గారూ, మీరు ఇక్కడే ఉన్నారు కాబట్టి అంటున్నాను.

టైమైపోయిందంటున్నారు. స్లైడ్లు వదిలేద్దాం. ఇదిగో, నాలుగో వరుస బాబూ, నువ్వు కాస్త బొద్దుగా ఉన్నావు. వచ్చి చొక్కా పైకి లాగి కూర్చో. సూది లేదులే, పెన్నే.