ఎంబసీ కారు గుద్దితే కేసే ఉండదా?

(తెరపై: ఇంగ్లండ్‌లో పల్లెటూరి రోడ్డు)

2019 ఆగస్టు 27 రాత్రి. ఇంగ్లండ్‌లోని క్రౌటన్ వైమానిక స్థావరం నుంచి ఓ కారు బయటికొచ్చింది. అక్కడ మనలాగే ఎడమ వైపు నడపాలి. నడుపుతున్న అమెరికన్ మహిళ కుడి వైపు పోనిచ్చింది. ఎదురుగా బైక్ మీద వస్తున్న 19 ఏళ్ల కుర్రాడు చనిపోయాడు. కొద్ది వారాల్లోనే ఆమె అమెరికా వెళ్లిపోయింది.

ఎందుకు ఆపలేకపోయారు? ఆమె భర్త ఆ స్థావరంలో అమెరికా ప్రభుత్వ ఉద్యోగి. అక్కడి అమెరికా సిబ్బందిని ఎంబసీ సిబ్బందిగానే లెక్కేసేవారు. 1961 వియన్నా ఒప్పందం ప్రకారం దౌత్యవేత్తల్నీ, వాళ్లతో ఉండే కుటుంబాన్నీ అరెస్టు చేయకూడదు.

అసలు విషయం ఇప్పుడు చూడండి. క్రౌటన్ సిబ్బంది డ్యూటీకి సంబంధం లేని నేరం చేస్తే ఈ రక్షణ ఉండదని 1995లోనే రెండు దేశాలూ రాసుకున్నాయి. కుటుంబాల ఊసు మాత్రం అందులో లేదు. అంటే స్టీరింగ్ భర్త చేతిలో ఉంటే కేసు నడిచేది. భార్య చేతిలో ఉంది కాబట్టి నడవలేదు! ఆమెకు రక్షణ ఉన్నట్టేనని 2020 నవంబరులో లండన్ హైకోర్టు కూడా తేల్చింది. ఆ లొసుగును అదే ఏడాది జులైలో సరిచేశారు కానీ, బిడ్డను పోగొట్టుకున్న ఆ తల్లిదండ్రులకు అది ఏం ఊరట?

ఆమెను అప్పగించడానికి అమెరికా ఒప్పుకోలేదు. 2022లో ఆమె వీడియో కాల్‌లోనే నేరం ఒప్పుకుంది. 8 నెలల శిక్ష పడింది, అదీ సస్పెండ్ చేశారు.

(తెరపై: వాషింగ్టన్, 1997)

నిజానికి ఈ రక్షణ ఆ మనిషిది కాదు, పంపిన దేశానిది. ఆ దేశం తలచుకుంటే వదులుకోవచ్చు. 1997 జనవరిలో వాషింగ్టన్‌లో జార్జియా దౌత్యవేత్త ఒకరు తాగి కారు నడిపి 16 ఏళ్ల అమ్మాయి ప్రాణం తీశాడు. అప్పటి జార్జియా అధ్యక్షుడు షెవర్ద్‌నాద్జే రక్షణ తీసేయించారు. కోర్టు 7 నుంచి 21 ఏళ్ల జైలు వేసింది. నా దృష్టిలో చేయాల్సిన పని అదే.

మరి నష్టపరిహారం? దౌత్యవేత్త మీద సివిల్ దావా కూడా సాధారణంగా నిలబడదు. అందుకే అమెరికా 1978లో దౌత్య వాహనాలకు ఇన్సూరెన్స్ తప్పనిసరి చేసి, బాధితులు నేరుగా ఇన్సూరెన్స్ కంపెనీ మీదే దావా వేసే వీలు కల్పించింది.

(తెరపై: కాన్సులేట్ వాహనం నీలం నంబర్ ప్లేట్, మీద 'సీసీ' అక్షరాలు)

హైదరాబాద్‌లో ఉన్న అమెరికా కార్యాలయం ఎంబసీ కాదు, కాన్సులేట్, అంటే వీసాల్లాంటి పనులు చూసే ఆఫీసు. కాన్సులర్ అధికారులకు 1963 నాటి వేరే ఒప్పందం వర్తిస్తుంది. అందులో రక్షణ తక్కువ. వాళ్ల వాహనం వల్ల యాక్సిడెంట్ జరిగితే నష్టపరిహారం కోసం మన కోర్టులోనే దావా వేయొచ్చని 43వ అధికరణంలో స్పష్టంగా ఉంది. కాబట్టి నీలం ప్లేటు చూసి వెనక్కి తగ్గకండి. నంబరు రాసుకోండి, పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.