అక్వేరియం మొక్కలు పాడవుతున్నాయా? మందు వేసే ముందు ఏ ఆకు చూడాలి

నమస్కారం అండీ. ఇవాళ నేరుగా ట్యాంక్ దగ్గరికే వచ్చేశా. ఇదిగో, ఈ మూల చూడండి. ఇది హైగ్రోఫిలా. కింది ఆకులకి చిల్లులు కనపడుతున్నాయా? కొంచెం దగ్గరికి తెస్తా... ఆ, ఇప్పుడు చూడండి. దీని పక్కన అనూబియాస్, ఆకు అంచున నల్లగా కుచ్చులాగా పాచి. వెనకాల ఆ క్రిప్ట్, అంటే క్రిప్టోకొరైన్ మొక్క, దాని సంగతి చివర్లో చూద్దాం.

ఇవి కనపడగానే చెయ్యి ముందు ఎరువు సీసా మీదకే పోతుంది. వద్దు. సీసా పక్కన పెట్టేయండి.

మామూలు విషయాలు గబగబా చూసేద్దాం. లైటు టైమర్ మీద ఉంది, రోజుకి 7 గంటలు. టెంపరేచర్ 25. నైట్రేట్ టెస్ట్ ముందే చేసి పెట్టా, ఈ రంగు కార్డు పక్కన పెట్టి చూస్తే... 10కి 20కి మధ్యలో ఉంది, పీపీఎమ్‌లో, అంటే లీటరు నీళ్ళలో ఎన్ని మిల్లీగ్రాములని. సరిపోతుంది. మీకు సున్నా వస్తే మాత్రం అక్కడే ఆగండి, మొక్కలకి నైట్రోజన్ అందట్లేదన్నమాట.

ఇంకోటి, మొక్క కొని నెల కూడా కాలేదా? అయితే కంగారు పడకండి. నర్సరీల్లో చాలా మొక్కల్ని ఆకులు నీటి పైన ఉండేలా పెంచుతారు. మన ట్యాంకులో ముంచగానే ఆ పాత ఆకులు కరిగిపోతాయి, నీళ్ళకి అలవాటుపడ్డ కొత్త ఆకులు వస్తాయి. అది రోగం కాదు. జావా ఫెర్న్ ఆకు వెనక వరసగా గోధుమరంగు చుక్కలు ఉంటాయి చూశారా, అవీ రోగం కాదు, స్పోర్లు, అంటే విత్తనాల్లాంటివి. వాటిని గీకేసేవాళ్ళని చూశాను, పాపం మంచి ఆకుని పాడుచేసేస్తారు.

సరే, ఇప్పుడు అసలు విషయం. పాడైంది ముదురాకా, లేతాకా? ముందు ఇదొక్కటి తేల్చుకోండి.

నైట్రోజన్, ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం, ఈ నాలుగింటినీ మొక్క ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్ళగలదు. తక్కువపడితే ముదురాకులోంచి లాగి చిగురుకి పెడుతుంది. అందుకే దెబ్బ కింది ఆకుల్లో కనపడుతుంది. ఐరన్, కాల్షియం అలా కాదు, ఒకసారి ఆకులోకి చేరితే దాదాపు అక్కడే ఉండిపోతాయి. అవి తక్కువైతే చిగుళ్ళు దెబ్బతింటాయి. చిగురు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ముందు ఐరన్‌ని అనుమానించండి. చిగురు మెలితిరిగి, చిన్నగా ముడుచుకుని వస్తుంటే కాల్షియం. కింది ఆకు మొత్తం పసుపెక్కితే నైట్రోజన్.

మరి మనది? కింది ఆకులు, సూది గుచ్చినట్టు చిల్లులు, చిల్లు చుట్టూ పసుపు అంచు. చిగురు బాగుంది. నైట్రేట్ కూడా ఉంది. అంటే పొటాషియం. నేను పొటాషియం సల్ఫేట్ పొడి వాడతా. 100 లీటర్ల నీళ్ళకి 1 గ్రాము వేస్తే పొటాషియం 4.5 పీపీఎమ్ దాకా పెరుగుతుంది. ట్యాంక్ సైజు కాదండీ, ఇసుకా రాళ్ళూ తీసేసి లోపల నిజంగా ఉన్న నీళ్ళ లెక్క. ముందు కప్పులో కరిగించి పోయండి.

ఇక్కడ కాసేపు ఆగుతా. నేను రెండు నెలలు పోగొట్టుకుంది ఇక్కడే. పొటాషియం వేశాను, సరిగ్గానే వేశాను. రోజూ పొద్దున్నే వచ్చి ఆ చిల్లుల ఆకునే చూసేవాణ్ణి. చిల్లు పూడట్లేదు. డోసు పెంచా. పూడలేదు. ఇంకో ఎరువు కలిపా, లైటు రెండు గంటలు పెంచా. కొద్ది రోజులకే గాజు నిండా పచ్చ పాచి. తీరా చూస్తే పైన మూడు కణుపుల ఆకులు ఎప్పుడో శుభ్రంగా వచ్చేశాయి! మందు మొదట్లోనే పనిచేసింది. నేను చూడాల్సిన ఆకు అది కాదు. చిల్లుపడ్డ ఆకు మళ్ళీ పూడదండీ, ఎప్పటికీ పూడదు. చిల్లు చిల్లే.

అందుకని ఇప్పుడు ఇలా చేస్తా. చూడండి, కుట్టుపని ఎర్రదారం, చిన్న ముక్క. చిగురుకి సరిగ్గా కింద, కాండానికి వదులుగా... బిగించకూడదు... ఇలా ముడి. అంతే. ఇక దారానికి పైన వచ్చే ఆకులే చూడండి, కింద ఏమున్నా పట్టించుకోవద్దు. రెండు మూడు వారాలు డోసు మార్చకండి. ఫోన్లో ఆదివారం ఆదివారం ఒకే చోట నుంచి ఒక ఫోటో తీసుకోండి, నాకు ఏ యాప్ కన్నా అదే ఎక్కువ పనికొచ్చింది.

బాగా చిరిగిన ఆకులు కత్తిరించేస్తున్నా. వంపు కత్తెర ఉంటే హాయిగా ఉంటుంది, మామూలుదైనా పర్లేదు. ఒక్కసారే అన్నీ కొయ్యకండి.

ఇప్పుడు అనూబియాస్. ముందు దీని రైజోమ్, ఈ అడ్డంగా ఉన్న లావు కాండం, ఇసుక పైకి ఉందా లేదా చూడండి. పూడ్చిపెడితే కుళ్ళుతుంది. వేలితో నొక్కితే గట్టిగా ఉండాలి. మెత్తగా జారిపోతుంటే గట్టి భాగం దాకా కోసేయండి. ఇది గట్టిగానే ఉంది.

నల్ల పాచికి 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. ఫిల్టర్ ఆపేశా. సూది లేని సిరంజితో పాచి మీదే మెల్లగా వదలాలి. బుడగలు వస్తున్నాయి చూడండి. 10 లీటర్ల నీళ్ళకి మొత్తం 3 ఎంఎల్ దాటను. రొయ్యలూ, మాస్ అనే నాచు మొక్కా ఉంటే ఇంకా తక్కువ. రేపో ఎల్లుండో ఈ పాచి ఎర్రబడుతుంది, అంటే చచ్చిందన్నమాట. కార్బన్ డయాక్సైడ్ ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అవుతుంటే మాత్రం మళ్ళీ వస్తుంది, దాన్ని కూడా సరిచేసుకోవాలి.

ఐదు నిమిషాలు అలా వదిలేద్దాం. ఈలోగా క్రిప్ట్. ఇసుక మార్చినప్పుడు దీన్ని పీకి మళ్ళీ నాటా, నాలుగు రోజుల్లో ఆకులన్నీ జావలా అయిపోయాయి. చచ్చిందనుకుని పారేయకండి. టార్చ్ వేస్తా, ఇదిగో ఇక్కడ... ఇసుకలోంచి సూది మొనంత, గోధుమరంగులో. కనపడిందా? చిగురు! వేరు బతికే ఉంది. కరిగిన ఆకుల్ని పైపుతో లాగేస్తా, మొక్కని మాత్రం కదపను. వేరు దగ్గర ఒక రూట్ ట్యాబ్, అంటే ఎరువు బిళ్ళ, గుచ్చుతున్నా, అంతే.

ఆ, ఐదు నిమిషాలయింది. ఫిల్టర్ ఆన్ చేసేస్తున్నా. ఇది మర్చిపోకండి, చేపలు ఉన్నాయి కదా.